సందేహాలు – సమాధానాలు: ఇంద్రజాలంలో 'నేను' ఎక్కడ?

సందేహం: బడిపిల్లల ముందు పేక, నాణేలు, తాడుతో ప్రదర్శనలిస్తుంటాను. కరపత్రంలో 'మాంత్రికుడు' అని వేయిస్తే ఒక మాస్టారు అభ్యంతరం చెప్పారు. ఐంద్రజాలికుడు, ఇంద్రజాలికుడు – ఏది సాధువు? ఇంకొకటి. 'ఇది మామూలు పేకే, చూడండి' అని మొదలుపెట్టగానే పిల్లలు అనుమానంగా చూస్తున్నారు. లోపం నా మాటలోనా, చేతిలోనా?

సమాధానం: మాస్టారి మాట సబబు. మన పల్లెల్లో మాంత్రికుడంటే దయ్యాన్ని వదిలించేవాడు, లేదా చేతబడి చేశాడని జనం వేలెత్తి చూపేవాడు. ఆ అనుమానంతో మనుషుల ప్రాణాలే పోయిన చోట ఆ మాట వేడుకకు పనికిరాదు. గారడి అంటారా, అది గారుడం నుంచి వచ్చింది. గరుడమంత్రంతో పాము విషం దించే విద్య పాములవాళ్ల చేతిలో వినోదమైంది, పత్రికలవాళ్ల చేతిలో 'అంకెల గారడి' అయి మోసమైపోయింది. కనికట్టు అచ్చతెలుగు మాట, కన్నుకు కట్టే కట్టు. నాకు ఇష్టమే.

ఇంద్రజాలం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అథర్వవేదం ఎనిమిదో కాండలో శత్రుసేనను ఓడించడానికి చెప్పిన సూక్తం ఒకటుంది. 'అంతరిక్షం జాలమాసీత్' అంటాడు అందులో ఋషి. ఆకాశమే వల, దిక్కులే వలకర్రలు. మరి మూడు మంత్రాలు దాటితే 'అయం లోకో జాలమాసీత్' అని ఈ లోకాన్నే ఇంద్రుడి వల చేశాడు. ఆ ఇంద్రజాలంతో వాళ్లందరినీ చీకటితో కప్పేస్తానన్నాడు. ఇక్కడ మంత్రదండం లేదు, సంచిలోంచి కుందేలు రాదు. ఉన్నది వల ఒక్కటే, అదీ ఎంత పెద్దదంటే చిక్కినవాడికి వలగా కనబడదు, ఆకాశంగానే కనబడుతుంది. ఈ విద్యకు ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు తెలియదు.

15వ శతాబ్దపు కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలోని ఐంద్రజాలికుడికి ఈ సంగతి బాగా తెలుసు. రాజసభకు వచ్చి 'ఒక విద్య చూపిస్తాను' అనడు. దేవదానవుల యుద్ధంలో ఇంద్రుడికి సాయం పోతున్నాను, నా భార్యను కాపాడండని అప్పగించి ఆకాశానికి ఎగిరిపోతాడు. కాసేపటికి అతని అవయవాలు ఒక్కొక్కటీ నేలమీద పడతాయి, భార్య చితి ఎక్కుతుంది. ఆ తర్వాత అతనే నవ్వుతూ వచ్చి 'నా భార్య ఏదీ?' అంటాడు. రాజు తల వంచుకున్నాడంటే అది ఆ ముందుమాట మహిమ. సభ వలలో పడింది ఆకాశాన్ని చూసినప్పుడు కాదు, 'కాపాడండి' అన్న మాట విన్నప్పుడు.

ఇప్పుడు మీ పేక. తప్పు 'మామూలు' అన్నదాంట్లో కొంత, 'పేకే' అన్న ఏకారంలో ఎక్కువ. ఇలా 'ఇదే, మరొకటి కాదు' అని నొక్కిచెప్పే అవధారణార్థకం ఎప్పుడూ రెండోదాన్ని గుర్తుచేస్తుంది. 'మామూలు పేకే' అనగానే మామూలుది కాని పేక ఒకటుందని మీరే చెప్పినట్టు. 'నీ ఇష్టం, ఏదైనా ఒక ముక్క తీసుకో' అన్నా ఇదే తంటా. 'ఒక ముక్క తియ్యి' అంటే చాలు. పేకను పిల్లవాడి చేతికిచ్చి 'కాస్త కలిపిపెట్టు నాన్నా' అనండి, పేక సంగతి అదే తేలిపోతుంది. ముందే వరుస సర్ది తెచ్చిందైతే కలపనివ్వకండి. రెండు కట్టలు చేసి కిందిది పైన పెట్టమనండి. ఎన్నిసార్లు అలా చేసినా వరుస చక్రంలా తిరుగుతుందే కాని చెదరదు. తీసిన ముక్కను పక్కనున్న ఇద్దరికీ చూపించమనండి. ఒక్కడే చూస్తే, ముక్క పేరు మరిచిపోయి చివర్లో మీ ముఖం చూస్తాడు.

నాణెం దగ్గర తెలుగు క్రియ మీకు చేసే సాయం తక్కువది కాదు. 'మాయం చేశాను' అంటే పిల్లలకు 'ఎలా చేశాడు?' అన్న ప్రశ్న పుడుతుంది, కళ్లు రెండో చేతి మీదికి పోతాయి. 'మాయమైంది' అంటే 'ఎటు పోయింది?' అని గాలిలో వెతుకుతారు. కుడిచేతి నాణేన్ని ఎడమచేతిలో వేసినట్టు నటించి కుడి అరచేతిలోనే నిలుపుకునేటప్పుడు 'ఇదిగో, ఈ చేతిలో పెడుతున్నాను' అనకండి. అబద్ధం జరుగుతున్న క్షణానికి మీరే దీపం పట్టినట్టు. ఏమీ అనకుండా ఎడమ పిడికిలి వైపు మీరే చూడండి. పిల్ల చేత ఊదించి, రెండు లెక్కబెట్టేంతసేపు ఆగి, వేళ్లు ఒక్కొక్కటిగా విప్పండి. 'లేదు' అన్న ఒక్క మాట చాలు.

తాడు కత్తిరించి మళ్లీ ఒకటిగా చూపే ఆటలో మాత్రం మొదటి సగానికి, అంటే కత్తిరించడానికి, కర్త కావాలి, ఆ కర్త మీరు కాకూడదు. 'నువ్వే కత్తిరించావు కదూ?' అని పిల్లవాణ్ణి ఒప్పించండి. తర్వాత 'అతుక్కుంది' అనండి, 'అతికించాను' అనకండి.

అన్నట్టు, మీరూ 'అబ్రకదబ్ర' అంటుంటే, అది ఎందుకండీ? రోమనులు జ్వరం తగ్గడానికి తాయెత్తు మీద రాసుకున్న మాట అది. మనకు 'ఫట్' ఉండనే ఉంది. అదీ పూజలో మంత్రం చెబుతూ అవయవాలను తాకే న్యాసంలోని 'అస్త్రాయ ఫట్' నుంచి సినిమా మాంత్రికుల నోట పడ్డదే, కాబట్టి మరీ గట్టిగా సిఫారసు చేయను.

కరపత్రంలో 'ఐంద్రజాలికుడు' అని వేయించండి, మొదటి 'ఇ' 'ఐ' అయ్యే ఆదివృద్ధితో అదే ప్రశస్తం. 'ఇంద్రజాలికుడు' కూడా నిఘంటువులకెక్కింది కనుక తప్పని కొట్టెయ్యలేను. 'మెజీషియన్' చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా పిల్లలు మిమ్మల్ని 'మ్యాజిక్ అంకుల్' అనే పిలుస్తూ ఉండివుంటారు.