మండువా ఇళ్ల వరసలో కొత్త ఇల్లు

ప్రశ్న: కోనసీమలోని మా అగ్రహారం వీధిలో నడుమ పైకప్పు లేకుండా ఆకాశం కనిపించే తాతగారి నాటి మండువా లోగిలి శిథిలమైపోయింది. ఆ స్థలంలోనే కారుకు చోటు, పైన రెండు పడకగదులు ఉండేలా కొత్త ఇల్లు కట్టుకోదలచాము. ఇరువైపులా గోడలు ఆనుకుని ఉన్నవి పాత పెంకుటిళ్లే. వాటి మధ్య మా ఇల్లు ఎబ్బెట్టుగా ఉండకూడదంటే పాత నమూనాలోనే కట్టాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అవసరం లేదండీ. సిమెంటు స్తంభాలకు టేకు రంగు పూసి, పోతపోసిన పూలచెక్కడాలు అతికించిన ఇంటికన్నా నిరాడంబరమైన కొత్త ఇల్లే ఆ వీధిలో బాగా ఇముడుతుందని నా అభిప్రాయం. అరుగులు ఒకే వరసలో సాగడం, చూర్లు దాదాపు ఒకే ఎత్తున ఉండడం వల్లనే అటువంటి వీధులకు ఆ అందం వచ్చింది. పుదుచ్చేరిలోని వైశ్యాళ్ వీధిలో వారసత్వ కట్టడాల పరిరక్షణకు పాటుపడే ఇన్‌టాక్ సంస్థ చేపట్టిన పునరుద్ధరణ ఒక్కొక్క ఇంటిని విడిగా కాక వరసనంతటినీ దృష్టిలో పెట్టుకుని సాగింది. 2008లో దానికి యునెస్కో పురస్కారం లభించింది. కనుక ప్లాను గీయించే ముందే రెండు పక్కల ఇళ్ల అరుగు ఎత్తు, చూరు ఎత్తు కొలిపించి, ఆ రెండు గీతలూ మీ ఇంటి ముందు తెగిపోకుండా చూడమని ఇంజనీరుగారికి చెప్పండి. పడకగదులను మండువా వెనుక భాగం మీద కట్టిస్తే వీధిలో నడిచేవారికి పై అంతస్తు అంతగా కనిపించదు. మండువాను మాత్రం వదులుకోవద్దు. పక్కగోడలకు కిటికీలు పెట్టే వీలులేని ఇంట్లో నడిమి గదులకు గాలీ వెలుతురూ అక్కడినుంచే రావాలి. వానజల్లు ఇబ్బంది అనుకుంటే పైన గాజు పలకలు వేయించి, వేడిగాలి పోవడానికి అంచుల వెంట జానెడు సందు ఉంచండి.

అసలు చిక్కు కారుతోనే వస్తుంది. కింది భాగమంతా స్తంభాల మీద ఖాళీగా వదిలేస్తే వరసకు అక్కడే గండి పడుతుంది. ఒక పక్కన కారు పట్టేంత చెక్కతలుపు పెట్టించి, తక్కిన వెడల్పంతా అరుగుకు కేటాయించండి. ముందు ఖాళీ వదలాలన్న నిబంధన మీ స్థలానికి వర్తిస్తుందో లేదో, అందులో అరుగుకు అనుమతి ఉంటుందో ఉండదో పంచాయతీలో ముందే కనుక్కోండి.

రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడం వల్ల పాత అరుగులు చాలాచోట్ల వీధి మట్టానికి వచ్చేశాయి. అందుకని స్థలమంతా మెరక చేయిస్తే వాననీరు పొరుగిళ్లలోకి చేరుతుంది. అరుగును వరసలోనే ఉంచి, సావిడిలోకి వెళ్లేచోట రెండు మూడు మెట్లు పెట్టి లోపలి నేలను ఎత్తు చేయించండి.

పొరుగువారి పాత గోడకు పునాది లోతు తక్కువ ఉండవచ్చు కాబట్టి దాని పక్కన గోతిని ఒకేసారి బారుగా తవ్వించక, కొంత తవ్వి కట్టాకే పక్కభాగం తవ్వించండి. వానాకాలంలో ఆ పని మొదలుపెట్టవద్దు.