చెన్నైలో నాకెవరూ తెలియరు, ఉద్యోగం ఎలా?

ప్రశ్న: విశాఖలో సబ్‌స్టేషన్ డిజైన్ ఇంజనీరుగా ఆరేళ్లు పనిచేశాను. పెళ్లయ్యాక చెన్నై వచ్చాను. పాప పుట్టింది. ఏడాదిగా దరఖాస్తులు పెడుతున్నా ఒక్క పిలుపూ లేదు. నాకే చేతకాదేమో అనిపిస్తోంది. పరిచయాల ద్వారా ప్రయత్నిస్తానంటే, ముక్కూముఖం తెలియనివాళ్లను ఉద్యోగం అడగడం పరువు తక్కువని మావారు అంటున్నారు.

జవాబు: పిలుపు రాలేదని మీ సామర్థ్యాన్ని శంకించుకోకండి. మీ పనిని కళ్లారా చూసి, మీ గురించి ఒక మంచి మాట చెప్పగలిగినవారంతా విశాఖలో ఉండిపోయారు. పెళ్లితోనో వలసతోనో ఊరు మారిన చదువుకున్న స్త్రీలకు ఇది తప్పని కష్టమే. దేశం దాటినవారికి మరీ ఎక్కువ.

ఇలాంటప్పుడు మనం ముందుగా చుట్టాలను అడుగుతాం. అడగండి, కానీ అక్కడితో ఆగకండి. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానవెటర్ విచారించగా, తరచుగా కలిసేవారి వల్ల దొరికినవారు సుమారు 17 శాతమే అని తేలింది. మిగిలినవారికి ఎప్పుడో ఒకప్పుడు కలిసేవారే దారి చూపారు. దగ్గరివారికి తెలిసిన కబుర్లు చాలావరకు మనకూ తెలిసినవే కావడం ఇందుకు కారణమని ఆయన 1973లో వివరించారు. కాబట్టి కాలేజీ సీనియర్లు, మీ పాత సంస్థకు పరికరాలు సరఫరా చేసిన కంపెనీల ఇంజనీర్లు, ఉద్యోగం మారి చెన్నై వచ్చిన సహోద్యోగులు ఎవరెవరో గుర్తుచేసుకుని, పేర్లు కాగితం మీద రాసుకోండి.

వారిని ఉద్యోగం అడగవద్దు, పని గురించి అడగండి. "నమస్కారమండీ. విశాఖలో రిలే సెట్టింగుల పని చేశాను, ఇప్పుడు చెన్నైలో ఉంటున్నాను. మీ విభాగంలో విద్యుత్ వ్యవస్థల లెక్కలు చేసే ఈటాప్ సాఫ్ట్‌వేర్‌ను ఏయే పనులకు వాడుతున్నారో తెలుసుకోవాలని ఉంది. వీలున్నప్పుడు పది నిమిషాలు మాట్లాడగలరా?" అని రాస్తే అందులో పరువు పోయేదేముంది? మాట్లాడాక, వారు సూచించినదాన్ని నేర్చుకుని, ఒకటి రెండు నెలలకు ఆ సంగతి వారికి మళ్లీ రాయండి. చాలామంది ఈ రెండో ఉత్తరం రాయరు. నా ఉద్దేశంలో పరిచయం నిలబడేది దానితోనే.

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐఈఈఈ మద్రాసు విభాగంలో మహిళా ఇంజనీర్ల బృందం ఉంది, దాని సమావేశాలకు వెళ్లండి. టి.నగర్‌లో తెలుగువారి సంఘం మనసుకు ఊరటనిస్తుంది గానీ, మీ రంగంవారు కలిసేది ఇలాంటి చోట్లే. అక్కడ తమిళం తప్పుగా మాట్లాడినా ఫరవాలేదు.

మీవారికి అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి చెప్పండి. చెన్నైలోనే పుట్టిన ఆ తెలుగు ఆడపడుచు, పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, చిన్నపాప తల్లిగా గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు, ఆ తర్వాత బ్రిటన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో సభ్యురాలయ్యారు. ముక్కూముఖం తెలియనివారితో పరిచయం పెంచుకోవడం వృత్తిలో భాగమని ఆయనకు అర్థమవుతుంది. శనివారం మధ్యాహ్నాలు పాపను తానే చూసుకోమని సూటిగా అడగండి. మొదటి సమావేశం తేదీ కూడా ఆ మాటల్లోనే ఖాయం చేసుకోండి.