అప్పుడప్పుడు వాడే కారవాన్‌కు ఎన్ని కేవీఏల జనరేటర్ కొనాలి?

ఏడాదికి కొన్నిసార్లు అరకుకో లంబసింగికో తీసుకువెళ్లే కారవాన్‌కు ఎలాంటి పోర్టబుల్ జనరేటర్ సరిపోతుందని మీరు అడిగారు. బండిలో టన్ను ఏసీ, చిన్న ఫ్రిజ్, మిక్సీ, ఫ్యాన్లు ఉన్నాయని కూడా రాశారు. విశాఖ ఓడరేవులో విద్యుత్ పని చేసి పదవీ విరమణ పొందినవాణ్ణి, తమ్ముడితో కలిసి ఒక పాత టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్పించుకుని తిరుగుతున్నవాణ్ణి కనుక మొహమాటం లేకుండా చెబుతాను. ముందు ఏసీని లెక్కలోంచి తీసేయండి. తీసేస్తే ఒక్కరే ఎత్తి దించగలిగిన రెండు కేవీఏల (ఒక కేవీఏ అంటే సుమారు వెయ్యి వాట్లు అనుకోండి) ఇన్వర్టర్ జనరేటర్, అంటే వాడకాన్ని బట్టి ఇంజను వేగాన్ని తగ్గించుకునే రకం, మీకు చాలు.

మన ఊరివాళ్లు కొండలెక్కేది ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో, మంచు చూడడానికి. లంబసింగిలో తెల్లవారుజామున దుప్పటి వదలలేని చలిలో ఏసీ నడపడానికి జనరేటర్ కొనేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. అక్కడ మీ జనరేటర్‌ను కుంగదీసేది నీళ్లు కాచే రాడ్డు. అది 1000 నుంచి 1500 వాట్లు లాగుతుంది, ఇండక్షన్ పొయ్యి అయితే 2000 వరకు వెళుతుంది. నీళ్లూ వంటా గ్యాసు మీద కానిచ్చుకుంటే మిగిలిన సామానంతా కలిపినా వెయ్యి వాట్లు దాటడం అరుదు.

మా తమ్ముడు మాత్రం ఏసీ ఉండి తీరాలని పట్టుబట్టాడు. నగరంలో ఒక దుకాణదారు కూడా వాడికే వంత పాడుతూ, "2.2 కేవీఏ అండి, టన్ను ఏసీని అవలీలగా లాగేస్తుంది" అన్నాడు. అయితే లాగించి చూపించమని బండినే ఆ దుకాణం ముందుకు తీసుకువెళ్లాను. ఆయనకు అది ఏమాత్రం రుచించలేదు కానీ, కొనే బేరాన్ని వదులుకోలేక కుర్రవాణ్ణి పిలిచాడు. ఆ కుర్రవాడు పెట్రోలు పోసి, చోక్ వేసి తాడు లాగగానే ఇంజను అందుకుంది. ఫ్యాన్లు, ఫ్రిజ్ వేసినంతసేపూ పక్కనే నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగాం. తర్వాత ఏసీ వేశాం. ముందు లోపలి ఫ్యాను తిరిగింది, చల్లగాలి రాకపోయినా గాలి వచ్చింది కనుక దుకాణదారు నా వైపు గర్వంగా చూశాడు. కాసేపటికి కంప్రెసర్ కదలబోయింది. ఇంజను ఒక్కసారి గుర్రుమంది, బండిలో దీపాలు మసకబారాయి, జనరేటర్ మీద ఉన్న పచ్చ దీపం ఆరి ఎర్ర దీపం వెలిగింది. ఇంజను తిరుగుతూనే ఉంది, కరెంటు మాత్రం పోయింది. "మీ ఏసీ పాతదండి" అన్నాడాయన. పాతదైనా కొత్తదైనా, ఇన్వర్టర్ రకం (మెల్లగా వేగం పుంజుకునే రకం) కాని కంప్రెసర్ బయలుదేరే క్షణంలో మామూలుగా నడిచేటప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు అడుగుతుంది. ఆ మాట చెప్పకుండా అమ్మేవాళ్లే ఎక్కువ. ఏసీ ఆశ వదులుకుని మేము ఆ జనరేటర్‌నే కొన్నాం.

ఆ పరీక్ష జరిగింది సముద్రమట్టానికి దగ్గరలో అని గమనించండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి, ప్రతి 300 మీటర్లకు ఇంజను శక్తి సుమారు 3.5 శాతం తగ్గుతుంది. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ పదోవంతు పోయినట్టే. దానికితోడు, డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసేది గరిష్ఠ సామర్థ్యం మాత్రమే. ఉదాహరణకు హోండా ఈయూ22ఐ గరిష్ఠంగా 2200 వాట్లు ఇచ్చినా, గంటల తరబడి ఇవ్వగలిగేది 1800 వాట్లే. మీరు అడగవలసింది ఈ రెండో అంకె. ఇరవై ఒక్క కిలోల బరువున్న ఆ యంత్రం 3.6 లీటర్ల పెట్రోలుతో పావు లోడు మీద సుమారు ఎనిమిది గంటలు నడుస్తుంది.

ధర తక్కువని ఫ్రేము జనరేటర్ (ఇనుప చట్రంలో బిగించిన, ఇన్వర్టర్ లేని మామూలు రకం) వైపు చూడకండి. 50 హెర్ట్జ్ నిలబెట్టడానికి వాటిలో చాలావరకు ఒక్క బల్బు వెలిగించినా నిమిషానికి 3000 చుట్లు తిరగవలసిందే. నివాస ప్రాంతాల్లో రాత్రి పదినుంచి ఆరింటిదాకా శబ్దం 45 డెసిబెళ్లు మించకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. కొండ మీద గుడారాలు వేసుకున్నవాళ్లకు నిద్ర అక్కరలేదన్నట్టు, వంజంగిలో తెల్లవార్లూ ఈ మోత మోగించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

చలికి అద్దాలన్నీ మూసుకుని, మంచుకు తడుస్తుందని జనరేటర్‌ను బండి పంచన పెట్టడం మాత్రం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ గొట్టం బండికి అవతలివైపు ఉండేలా పెట్టి, అందుకు సరిపడా పొడవైన 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల కేబుల్ కొనుక్కోండి. బండి లోపల బ్యాటరీతో నడిచే మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

అప్పుడప్పుడు వాడేవాళ్ల జనరేటర్ పాడయ్యేది వాడకం వల్ల కాదు, వాడకపోవడం వల్ల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైనప్పుడు, మా అపార్టుమెంటులో చాలాకాలంగా మూలన పడి ఉన్న జనరేటర్ తాడును ఒకరి తర్వాత ఒకరు భుజాలు పట్టేసేదాకా లాగినా అది పలకలేదు. నిలవ ఉన్న పెట్రోలు కార్బురేటర్‌లో జిగురు కట్టింది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నందువల్ల తేమ కూడా తోడవుతుంది. ప్రయాణం నుంచి రాగానే పెట్రోలు కుళాయి కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపండి. నెలకోసారి కొంత లోడు వేసి తిప్పండి. సముద్రం వైపు బాల్కనీలో మాత్రం ఉంచకండి, ఉప్పుగాలి తాడు స్ప్రింగు నుంచి సాకెట్ల దాకా దేన్నీ వదలదు.

అన్నీ విన్నాక కూడా ఏసీ కావాలంటే, ముందు బండిలోని ఏసీని ఇన్వర్టర్ రకానికి మార్చుకుని, మూడు కేవీఏల ఇన్వర్టర్ జనరేటర్ చూడండి. ఏది కొన్నా, కార్బురేటర్ విప్పే మెకానిక్ విశాఖలోనే ఉన్నాడా, యంత్రాన్ని హైదరాబాదు పంపాలా అన్నది డబ్బు కట్టకముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి.