వైజాగ్ నీళ్ల వల్లే జుట్టు రాలుతోందా?

మధురవాడకు మారి బోరు నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టాక జుట్టు రాలుతోంది, నీళ్లే కారణమా అని అడిగారు. ఉప్పు నీళ్ల వల్ల జుట్టు గరుకుగా మారి తెగొచ్చు గానీ బట్టతల రాదు. హెల్మెట్ వల్లా రాదు.

మగవాళ్లలో బట్టతల ఎక్కువగా వంశపారంపర్యం. టెస్టోస్టెరాన్ నుంచి డీహెచ్‌టీ అనే హార్మోన్ తయారవుతుంది. పుట్టుకతోనే దాన్ని తట్టుకోలేని కుదుళ్లు ఏటికేడు చిన్నబడి, చివరికి నూగు వెంట్రుకలే మిగులుతాయి. అందుకే కణతల దగ్గర, నడినెత్తిన పలచబడుతుంది, తల వెనక మాత్రం జుట్టు నిలుస్తుంది. మేనమామను చూస్తే చాలనుకుంటారు గానీ, నాన్న వైపు నుంచి కూడా వస్తుంది.

తలంతా ఒక్కసారిగా కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే అది వేరే సంగతి. రెండు మూడు నెలల కిందట డెంగీ, టైఫాయిడ్, ఆపరేషన్, కడుపు మాడ్చుకునే డైటింగ్, పెద్ద టెన్షన్ ఏమైనా ఉన్నాయా? ఉంటే కంగారుపడకండి, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. థైరాయిడ్, ఐరన్ పరీక్షలు కూడా చేయించుకోండి. రూపాయి బిళ్లంత గుండ్రంగా ఊడితే పేనుకొరుకుడు కావచ్చు.

సింహాచలంలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, వైద్యం కాదు. కుదురు చర్మం లోపల ఉంటుంది కాబట్టి గుండుతో జుట్టు ఒత్తుగా రాదు.

వంశపారంపర్యమైతే మాత్రం దయచేసి ఆలస్యం చేయకండి. తలకు రాసుకునే మందు మినాక్సిడిల్ పనిచేస్తోందో లేదో తెలియడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది, ఆపేస్తే మళ్లీ రాలుతుంది. డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టెరైడ్ మాత్రలు డాక్టర్ చెప్పకుండా వాడొద్దు. వైజాగ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌ చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోవచ్చు.