నానో సీసా అడుగున మడ్డి

ప్రశ్న: సార్, నర్సంపేట దగ్గర మాకు ఆరెకరాల పత్తి, ఒక ట్రాక్టర్, ఒక బైకు ఉన్నాయి. పోయిన ఎండాకాలం వరంగల్‌లో ఒక షాపతను 'నానో ఆయిల్' అని చిన్న సీసా అంటగట్టాడు. ఇంజన్ ఆయిల్‌లో కలిపితే అరుగుదలే ఉండదన్నాడు. ఇంట్లో పెట్టి మరిచిపోయాను. ఇప్పుడు చూస్తే పైన నూనె తేటగా ఉంది, అడుగున నల్లటి మడ్డి. బాగా ఊపి రెండు బండ్లలో సగం సగం పోయొచ్చా?
– ఒక రైతు

జవాబు: పోయకండి తమ్ముడూ. బైకులో అయితే అసలే వద్దు.

హన్మకొండలో షెడ్డు పెట్టిన కొత్తలో నేనూ ఈ తెలివి చూపించాను. నా స్కూటర్ గేర్‌బాక్స్ నూనెలో గ్రాఫైట్ పొడి కలిపాను. వారం రోజులు గేర్లు వెన్నలా పడ్డాయి. తర్వాత ఒకరోజు కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్ ఒకటే గోల, బండి మాత్రం కదలదు. విప్పితే క్లచ్‌లోని కార్క్ ప్లేట్లు నల్లగా, అద్దంలా మెరుస్తున్నాయి. పెట్రోల్‌తో ఎంత కడిగినా పట్టు రాలేదు. కొత్త ప్లేట్లు వేసుకున్నాను. మీ గేర్ల బైకులోనూ ఇంజన్, గేర్లు, క్లచ్ తడిసేది ఒకే నూనెలో. జారుడు గుణం గేర్లకు మంచిదే, క్లచ్‌కు శత్రువు. నూనె డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉంటే క్లచ్ పట్టు పరీక్షించిన నూనె అని అర్థం. అందులో ఇంకేదో కలిపితే ఆ పరీక్షకు విలువ పోయినట్టే.

షాపతను చెప్పిందంతా అబద్ధమని అనను. ఇంజన్ తిరుగుతున్నంతసేపు ఇనుముకూ ఇనుముకూ మధ్య నూనె పొర ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, పిస్టన్ పైకి వెళ్లి వెనక్కి తిరిగే చోట ఆ పొర పలచబడిపోతుంది. అరుగుదల ఎక్కువగా అక్కడే. మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి పొడి అక్కడ అంటుకుంటే, తడి తమలపాకుల కట్టలో ఆకు మీద ఆకు జారినట్టు దాని పొరలు జారతాయి. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రెషెఫ్ టెన్నె బృందం టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌తో ఉల్లిగడ్డలా పొర మీద పొర ఉన్న నానో రేణువులను చూపించింది. ఒత్తిడి పడితే పై పొర ఊడి లోహానికి అతుక్కుంటుంది. నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షలవ వంతు.

ఇక మీ మడ్డి సంగతి. మీ సీసాలోది మాలిబ్డినం పొడే అనుకుంటే, అది నూనె కంటే ఐదారు రెట్లు బరువు. విడివిడిగా ఉన్నంతకాలం తేలుతుంది కానీ, చిన్నవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండ కడతాయి. రేణువు పది రెట్లు పెద్దదైతే వంద రెట్లు వేగంగా దిగుతుంది. అందుకే తయారుచేసేవాళ్లు రేణువు చుట్టూ ఓలియిక్ ఆమ్లం లాంటిది తొడిగి విడిగా ఉంచుతారు. మీ సీసాలో ఆ కట్టు తెగింది. చేత్తో ఊపితే మడ్డి పైకి లేస్తుందే తప్ప ఉండ చిట్లదు. లేబొరేటరీల్లో అల్ట్రాసౌండ్ పెట్టి విడగొడతారు. ఆ ఉండలు మీ ఇంజన్‌లోకి వెళ్తే ఫిల్టర్లో ఇరుక్కుంటాయి, లేదా నూనె నిలిచే ఛాంబర్ అడుగున పేరుకుంటాయి.

తమాషా ఏంటంటే, మీ ట్రాక్టర్ డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లబడేదీ నానో సైజు మసి రేణువుల వల్లే. వాటిని ఉండ కట్టకుండా పట్టుకునే మందు, అరుగుదల ఆపే జింకు మందు కంపెనీవాళ్లే కొలిచి నూనెలో కలుపుతారు. ఆ లెక్కలో మనం వేలు పెట్టడం ఎందుకు? ట్రాక్టర్‌కు నూనెలో మునిగి ఉండే ఆయిల్ బ్రేకులుంటే వెనక హౌసింగ్ నూనెలోనూ పోయకండి, బ్రేకు పట్టు తగ్గుతుంది.

ఈ పొడి మీద అంత మనసుంటే మాలిబ్డినం కలిపిన గ్రీజు కొనండి. గ్రీజు చిక్కన కాబట్టి మడ్డి దిగదు. ట్రాలీ హుక్కు, కల్టివేటర్ పిన్నుల్లాంటి బరువు మోస్తూ నెమ్మదిగా కదిలే చోట అది బాగా పనిచేస్తుంది, నేనూ అక్కడే వాడేవాణ్ని. సీసా పారేయడానికి చెయ్యి రాకపోతే మీ ఇంటి ఇనుప గేటు బందులకు పోయండి. వాటికి క్లచ్ లేదు, ఫిల్టరూ లేదు.