పెద్ద వానా, భారీ వర్షమా?

సందేహం: మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో చదువుతోంది. తన చైనా రూమ్మేట్ 'బిగ్ రెయిన్' అని రాస్తే టీచరు కొట్టేసి 'హెవీ రెయిన్' అని దిద్దారట. మరి మనం 'పెద్ద వాన' అంటాం కదండీ, అదీ తప్పేనా? 'భారీ వర్షం' అనే రాయాలా?

సమాధానం: తప్పేం కాదమ్మా, నిక్షేపంగా రాయండి. ఆ పిల్ల పొరపాటూ తెలివితక్కువది కాదు. చైనా భాషలో 'దా యూ' అంటారు, దా అంటే పెద్ద, యూ అంటే వాన, అచ్చం మన మాటే. అదేదో పల్లెటూరి మాట అనుకునేరు, అక్కడి వాతావరణ శాఖ వాడేదీ అదే: 24 గంటల్లో 25 నుంచి 49.9 మిల్లీమీటర్లు పడితే దా యూ (మన శాఖ లెక్కలో అది 'మోస్తరు' మాత్రమే). గాలి కూడా వాళ్లకు పెద్దదే, మనకూ అంతే. ఇంగ్లీషులో మాత్రం వానకూ మంచుకూ హెవీ, గాలికి స్ట్రాంగ్. ఎందుకంటే ఏం చెప్తాం, అలా జత కుదిరింది.

జలుబు దగ్గర ఆ అమ్మాయికి తిప్పలుండవు, చైనా భాషలోనూ 'బరువు జలుబు' అనే అంటారు కాబట్టి 'హెవీ కోల్డ్' ఇట్టే వచ్చేస్తుంది. మనకు జలుబు 'బాగా పట్టేస్తుంది'. ఇక హెవీ స్మోకర్ అంటే మనం విశేషణం జోలికే పోం, 'పెట్టెలకు పెట్టెలు ఊదేస్తాడు' అంటాం.

భారీ మనకు హిందీ నుంచి వచ్చింది. అక్కడ దాని మొదటి అర్థం బరువైన అని, 'భారీ బారిష్' వాళ్ల పలుకుబడి. తెలుగులోకి వచ్చేసరికి బరువు దిగిపోయి పెద్ద, ఎక్కువ అన్న అర్థాలే మిగిలాయి: భారీ చోరీ, భారీ తగ్గింపు. సినిమా హాలు ముందు భారీ కటౌట్ అంటాం, ఉత్త అట్టకు బరువేముంది?

వాతావరణ వార్త రాస్తుంటే మాత్రం 'భారీ'ని కదపకండి, అక్కడది కొలత. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు భారీ, ఆపైన 204.4 దాకా అతి భారీ, అదీ దాటితే అత్యంత భారీ. మిగతాచోట్ల పెద్ద వాన, జోరువాన, కుండపోత, ఏది కుదిరితే అది. 'భారీ వాన' నా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, భారీకి వర్షమే జోడీ. 'బరువైన వాన' అని అనువాదాల్లో ఒకటి రెండుసార్లు చూశాను, అది మాత్రం వద్దు. గుండె బరువెక్కుతుంది, గొంతు బరువెక్కుతుంది, వాన బరువెక్కదు. నిలువునా తడిసి ఇంటికొచ్చినవాడు తల తుడుచుకుంటూ 'భారీ వర్షంలో చిక్కుకున్నానే' అన్నాడంటే మాత్రం, ఆ ఇంట్లో టీవీ మరీ ఎక్కువగా మోగుతోందన్నమాట.