అబ్బాయికి పన్నెండు నిండాకే కిబాలే అడవికి

ప్రశ్న: మాది వరంగల్. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. అన్నీ పోను నెలకు 95,000 చేతికొస్తాయి, అందులో ఇంటి లోన్ ఈఎంఐ 22,000. అమ్మాయికి 14 ఏళ్లు. అబ్బాయికి కిందటి నవంబరులో పదేళ్లు నిండాయి. ఉగాండాలోని కిబాలే అడవిలో చింపాంజీలను చూడాలని వాడు రెండేళ్లుగా అడుగుతున్నాడు. ఎఫ్‌డీలో 3.2 లక్షలున్నాయి, అత్యవసర నిధి వేరే ఉంది. 13 శాతం వడ్డీకి మూడేళ్లకు 5 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామని బ్యాంకు అంటోంది. ఈ వేసవి సెలవుల్లోనే వెళ్లి రావచ్చా?

జవాబు: లోన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు బాబు వయసు చూడండి. కిబాలేలో చింపాంజీ ట్రెక్కింగుకు 12 ఏళ్లు నిండి ఉండాలి. పర్మిట్ పాస్‌పోర్టు వివరాలతో ఇస్తారు కాబట్టి వయసు దగ్గర సర్దుబాటు కుదరదు. ఈ మే నెలలో వెళ్తే మీ ఇద్దరిలో ఒకరు, అమ్మాయి అడవిలోకి వెళ్తారు, రెండోవారు బాబును పట్టుకుని ట్రెక్కింగ్ మొదలయ్యే కాన్యాంచు కేంద్రం దగ్గరే ఉండిపోవాలి. ఎవరు అడిగితే బయల్దేరుతున్నారో వాడినే బయట కూర్చోబెట్టే ప్రయాణం వద్దండీ. పైగా మార్చి నుంచి మే దాకా అక్కడ వానలు, దారులన్నీ బురద.

వచ్చే ఏడాది నవంబరుకు వాడికి 12 నిండుతాయి. ఆ వెంటనే వచ్చే సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ పొడి కాలం. ఈ మార్చి నుంచి లెక్కేస్తే మీ చేతిలో 22 నెలలున్నాయి. మీకు లోన్ అవసరం లేకుండా చేసేది ఆ 22 నెలలే.

ఇక ఖర్చు. డాలరుకు 92 రూపాయల చొప్పున, నలుగురికి, ఏడు రాత్రులకు వేశాను. పర్మిట్ ధరను 2024 జూలైలో మనిషికి 200 నుంచి 250 డాలర్లకు పెంచారు. నలుగురికి 1,000 డాలర్లు, అంటే 92,000 రూపాయలు. 300 డాలర్ల హాబిచ్యుయేషన్ పర్మిట్ కూడా ఒకటుంది, అందులో ఎక్కువసేపు చింపాంజీల వెంట తిరగొచ్చు. కానీ దానికి 15 ఏళ్లు నిండాలి, కాబట్టి ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి. ఈ-వీసా మనిషికి 50 డాలర్లు, మొత్తం 18,400. హైదరాబాద్ నుంచి ఉగాండా విమానాశ్రయం ఉన్న ఎంటెబ్బేకు ఒకచోట విమానం మారి వెళ్లాలి, మనిషికి 60,000 చొప్పున 2.4 లక్షలు పక్కన పెట్టండి. ముంబయి నుంచి ఉగాండా ఎయిర్‌లైన్స్ 2023లో నేరుగా సర్వీసు మొదలుపెట్టింది, ఆ రేటు కూడా పోల్చి చూసుకోండి. డ్రైవరు, డీజిలుతో కలిపి బండికి రోజుకు 150 డాలర్ల లెక్కన ఏడు రోజులకు 96,600. మధ్యరకం లాడ్జిలో ఫ్యామిలీ రూముకు రాత్రికి 200 డాలర్ల చొప్పున 1,28,800. అంత దూరం వెళ్లాక క్వీన్ ఎలిజబెత్ పార్కులో కజింగా కాలువ మీద పడవ ప్రయాణం వదలకండి, ప్రవేశ రుసుముతో కలిపి నలుగురికి 300 డాలర్లు, అంటే 27,600. తిండికీ టిప్పులకూ 55,200. టీకాలు, మలేరియా మాత్రలు, ఇన్సూరెన్సుకు 25,000. అంతా కలిపితే 6,83,600. దాని మీద పది శాతం ఎక్కువ పెట్టుకుంటే సుమారు 7.52 లక్షలు.

ఇందులో 4,550 డాలర్లు డాలర్లుగానే కట్టాలి. డాలరు ఐదు రూపాయలు పెరిగితే మీ మీద 22,750 పడుతుంది. పైన పెట్టిన పది శాతం అందుకే, దాన్ని మంచి లాడ్జికి ఖర్చు పెట్టేయకండి.

లోన్ తీసుకుంటే 36 నెలల పాటు నెలకు సుమారు 16,850 ఈఎంఐ, వడ్డీయే 1,06,500. అంటే నలుగురి పర్మిట్లకు అయ్యేదాని కంటే ఎక్కువ. అంతకు కాస్త ఎక్కువగా, నెలకు 18,000 చొప్పున ఇప్పటి నుంచే 20 నెలల ఆర్‌డీ కట్టండి. 6.5 శాతం వడ్డీకి దాదాపు 3.8 లక్షలవుతుంది. మిగిలిన రెండు నెలల 36,000 చేతి ఖర్చులకు ఉంచుకోండి. 3.2 లక్షల ఎఫ్‌డీని రెండు ముక్కలు చేయండి: పర్మిట్లకు లక్ష, 15 నెలలకు. విమాన టికెట్లకు 2.2 లక్షలు, 18 నెలలకు. రెండూ కలిపి దాదాపు 3.5 లక్షలు చేతికొస్తాయి. మొత్తం 7.66 లక్షలు, వడ్డీ మీద పన్ను పోయినా సరిపోతుంది. ఆర్‌డీ నవంబరులో చేతికొస్తుంది, లాడ్జీలు, బండి వాళ్లు మిగతా బాకీ అడిగేది దాదాపు అప్పుడే. ఈ డబ్బును షేర్ల ఫండ్లలో పెట్టకండి. రెండేళ్ల లోపు తేదీ ఖాయమైన ఖర్చుకు అవి పనికిరావు.

డబ్బు వృథాగా పోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది పర్మిట్ దగ్గర. పర్మిట్ ఒక తేదీకి, ఉదయమో మధ్యాహ్నమో ఒక విడతకు ఇస్తారు. విమానం ఒక్క రోజు ఆలస్యమైతే 1,000 డాలర్లు గాల్లో పడతాయి. ఎంటెబ్బేలో దిగాక కంపాలా మీదుగా కిబాలేకు దగ్గరి పట్టణం ఫోర్ట్ పోర్టల్‌కు రోడ్డు మీద ఒక పగలంతా పడుతుంది, అక్కడి నుంచి కాన్యాంచు మరో 35 కిలోమీటర్లు. అందుకని ట్రెక్కింగ్‌ను నాలుగో రోజుకు పెట్టుకోండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లను రేంజర్లు లోపలికి పంపరు, మన రోగాలు చింపాంజీలకు అంటుకుంటాయి కాబట్టి వాళ్లు చేసేది సరైన పనే. ఒంట్లో బాగోక ఆగిపోయినా, చింపాంజీలు కనిపించకపోయినా డబ్బు ఎంత వెనక్కి వస్తుందో ముందే రాయించుకోండి. ఏజెంటుకు అడ్వాన్సు కట్టిన రెండు వారాల్లో నలుగురి పేర్లు, తేదీ, విడత ఉన్న పర్మిట్ కాపీ మీ చేతిలో ఉండాలి. "బుక్ అయిపోయింది" అన్న వాట్సాప్ మెసేజ్‌ని నమ్ముకోకండి. పేర్లను పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూడండి. పిల్లల పాస్‌పోర్టుకు ఐదేళ్లే గడువు, ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగిలి ఉండాలి.

ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకుండా ఉగాండాలోకి రానివ్వరు. తిరిగొచ్చేటప్పుడు అది లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేసుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది కాబట్టి అక్టోబరులోనే వేయించేయండి. ఇన్సూరెన్సులో అత్యవసరంగా విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో చూడండి. అది లేని పాలసీ చౌకగా వచ్చినా తీసుకోవద్దు.

ఇక్కడి కంపెనీ దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను, కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఎంత మొత్తానికైనా 2 శాతమే. రిటర్నులో చూపితే మీ పన్నులో సర్దుబాటవుతుంది. మామూలు క్రెడిట్ కార్డుతో డాలర్లలో కడితే 3.5 శాతం మార్కప్ (బ్యాంకు వేసే అదనపు ఛార్జి), దాని మీద జీఎస్టీ కలిపి 1,000 డాలర్ల మీద దాదాపు 3,800 పోతుంది. మార్కప్ లేని ఫారెక్స్ కార్డు తీసుకోండి. నగదుగా తీసుకెళ్లేవి కొత్త, మడత పడని 100 డాలర్ల నోట్లయితే అక్కడ మంచి రేటు వస్తుంది.

చింపాంజీల దగ్గర గడిపే సమయం గంట. అవి కనబడిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. ఒక్కో రేంజరు వెంట ఆరుగురే వెళ్తారు. నలుగురికీ పొడుగు సాక్సులు కొనండి, జత 300 రూపాయలకు దొరుకుతాయి. ప్యాంటు అంచును సాక్సుల్లోకి దోపుకుంటే చీమలు పైకి పాకవు. బాబుకు బూట్లు మాత్రం ఇప్పుడే కొనకండి. ఈ 22 నెలల్లో పాదం ఎంత పెరుగుతుందో, డిసెంబరులో సైజు చూసి తీసుకోండి.